చేపల వాసనతో బయటపడ్డ కేసు: సింగ్ నగర్ ఇంట్లో రూమ్ హీటర్

బెజవాడలో రూమ్ హీటరా అని నవ్వేవాళ్ళు ముందు నవ్వేయండి, తర్వాత మాట్లాడుకుందాం. మే నెల ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి జనవరిలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలంటే చలే. డెబ్భై దాటిన మనిషైతే ఇక చెప్పక్కర్లేదు. ఇళ్ళ వైరింగ్ పని చేసుకునేవాణ్ణి, ధనుర్మాసం మొదలైందంటే ఏసీ ఫోన్లు ఆగిపోయి గీజర్, హీటర్ ఫోన్లు వస్తాయి. వాటిలో సగం ప్లగ్ మాడిందనే. మామూలుగా అయితే పది నిమిషాల పని. ఈ ఇంట్లో మాత్రం కాగితం మీద చూస్తే అన్నీ కరెక్టుగానే ఉన్నాయి, అయినా రెండుసార్లు మాడింది. అందుకే వివరంగా రాస్తున్నా. ఇంటివాళ్ళు రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇల్లు అజిత్ సింగ్ నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు, ఆవిడ, మాస్టారి తల్లి మామ్మగారు, ముగ్గురే ఉంటారు. మామ్మగారికి డెబ్భై ఎనిమిది, చాలా ఏళ్ళుగా షుగర్. కొడుకు నోయిడాలో ఉద్యోగం. బామ్మ చలికి వణుకుతోందని ఫోన్లో విని అక్కడ తను వాడే హీటర్ లాంటిదే ఒకటి కొని పంపాడు. రెండు రాడ్లు, వెనక మెరిసే రేకు, ఒక్కో రాడ్ 1000 వాట్లు, రెండూ వేస్తే 2000. ఢిల్లీ చలికి సరిపోయే సరుకు అది.

ఆ హీటర్‌ని మామ్మగారి మంచం పక్కన పెట్టి రాత్రి తొమ్మిదింటికి రెండు రాడ్లూ వేస్తే ఏ మూడింటికో మాస్టారు లేచినప్పుడు ఆపేవారు. కొన్నాళ్ళకు ప్లగ్ టాప్ నల్లబడింది. దగ్గర్లో ఉన్న ఒక కుర్రాడు వచ్చి ప్లగ్ టాప్ మార్చేసి, హీటర్‌లోనే ఏదో తేడా ఉంది, ఎక్కువ లాగుతోంది, మళ్ళీ మాడితే హీటర్ మార్చేయండని చెప్పి వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ మాడింది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

నేను వెళ్ళేసరికి మాస్టారు హీటర్‌ని అట్టపెట్టెలో సర్ది తాడు కట్టి పెట్టారు. "పాడైన సరుకు నాయనా, వాడికి తిప్పి పంపేస్తాను, నువ్వు ఆ సాకెట్ ఒకటి మార్చి వెళ్ళు" అన్నారు. సరే మాస్టారూ, పంపేముందు ఒకసారి చూడనివ్వండి అని పెట్టె విప్పించా.

ఇక్కడ మామ్మగారు ఒక మాటన్నారు. ఆ మాటతో నాకు కేసు సగం అర్థమైపోయింది. "ఈ మధ్య రాత్రయితే చేపల వాసన నాయనా. మనింట్లో ముట్టం కదా. పక్కింటివాళ్ళు అర్ధరాత్రి చేపలు వేయిస్తున్నారేమో అనుకుంటున్నా." కోడలుగారు నవ్వి, అత్తయ్యగారికి అలా అనిపిస్తుంది లెండి, నాకేం రాదు అన్నారు. నేను నవ్వలేదు. స్విచ్చులు, సాకెట్లు తయారుచేసే కొన్ని రకాల ప్లాస్టిక్కులు, రెసిన్లు, వైర్ తొడుగులు బాగా వేడెక్కితే అచ్చం పచ్చి చేపల వాసనే వస్తుంది. పొగ రాకముందే, నలుపు కనపడకముందే వస్తుంది. చేపలు వండని ఇంట్లో మంచం పక్కన రోజూ రాత్రి ఒకే టైముకి ఆ వాసన వచ్చిందంటే ముక్కుని అనుమానించకూడదు, గోడనే అనుమానించాలి. మామ్మగారి తల సాకెట్ వైపే ఉండేది కాబట్టి ఆవిడకే వచ్చింది.

ముందు హీటర్ సంగతి తేల్చా. 2000 వాట్ల హీటర్‌కి 230 వోల్టుల దగ్గర రావాల్సిన రెసిస్టెన్స్ సుమారు 26 ఓమ్‌లు. మీటర్ పెడితే దాదాపు అంతే ఉంది. రాడ్ల లోపలుండే తీగ నిక్రోమ్, అంటే నికెల్ క్రోమియం కలిపిన లోహం. చల్లగా ఉన్నప్పుడూ ఎర్రగా కాలినప్పుడూ దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు, అందుకే చల్లటి హీటర్ మీద కొలిచినా లెక్క నమ్మొచ్చు. హాలోజన్ హీటర్‌కి ఇలా కుదరదు, అందులో ఉండేది టంగ్‌స్టన్. మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో, బాడీకి లీకేజీ చూశా, లేదు. ఒరిగితే ఆగిపోయే స్విచ్ అడుగున ఉంది, ఎత్తి చూస్తే టక్కుమని ఆగింది. వంటింట్లో గట్టుపైన ఎత్తులో ఉన్న మంచి పాయింట్‌కి పెట్టి క్లాంప్ మీటర్ వేస్తే 8.8 ఆంప్స్. వోల్టేజీ ఆ టైములో 237 ఉంది కాబట్టి అంతే రావాలి. హీటర్‌లో ఏ తప్పూ లేదు.

సాకెట్ సంగతి. 16 ఆంప్స్ సాకెట్, 16 ఆంప్స్ ప్లగ్, బోర్డు నుంచి వచ్చిన వైరు 2.5 స్క్వేర్ ఎంఎం రాగిది, ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) 16 ఆంప్స్‌ది. పుస్తకంలో చూసి మార్కులేస్తే నూటికి నూరు. చిన్న 6 ఆంప్స్ సాకెట్‌లో కన్వర్షన్ ప్లగ్ పెట్టి హీటర్ నడిపి మాడ్చుకునేవాళ్ళే నాకు ఎక్కువగా తగులుతారు, ఇక్కడ ఆ గొడవ కూడా లేదు.

మెయిన్ ఆపి ప్లేటు విప్పితే కథ అక్కడుంది. రేకు పెట్టె అడుగున ఎండిపోయిన బురద, గోటితో గీరితే పొడిలా రాలింది. ఫేజ్ వైపు ఇత్తడి క్లిప్పు మీద ఆకుపచ్చ చిలుము, పిన్ను ఆనేచోట మాత్రం నల్లటి మసి. స్క్రూ తుప్పుపట్టి తల అరిగిపోయి ఉంది. దాని కింద రాగి పోగులు నల్లగా పెళుసెక్కి, వైరు తొడుగు రెండు అంగుళాల మేర గట్టిపడి, వంచితే పెంకులా విరిగింది. న్యూట్రల్ వైపు కాస్త నయం. స్క్రూడ్రైవర్ మొనతో క్లిప్పు నొక్కితే స్ప్రింగులా వెనక్కి రాలేదు, నొక్కినచోటే ఉండిపోయింది.

నేలకి అడుగున్నర ఎత్తులో ఉంది ఆ సాకెట్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ని ముంచినప్పుడు ఈ ఇంట్లో నీళ్ళు నడుము దాటి వచ్చి రోజుల తరబడి నిలబడ్డాయి. ముగ్గుర్నీ పడవలో తీసుకెళ్ళారట. నీళ్ళు తీశాక మీటరు, మెయిన్ బోర్డు కొత్తవి వేయించారు, ఫ్రిజ్ పోయింది, వాషింగ్ మెషిన్ రిపేర్ చేయించారు. సాకెట్లు మాత్రం ఎండాక పెట్టి చూస్తే పనిచేశాయి కాబట్టి వదిలేశారు. ఆ నెలలో ఆ పేటలన్నిట్లో ఎలక్ట్రీషియన్ దొరకడమే గగనం, వదిలేయక ఏం చేస్తారు.

మరి సెప్టెంబర్ నుంచి జనవరి దాకా పనిచేసిన సాకెట్ హీటర్‌కి ఎందుకు మాడింది? అదే ఈ కేసులో ముఖ్యం. ఫోన్ ఛార్జర్ లాగేది ఆంపియర్‌లో ఏ పదో వంతో, ఇంకా తక్కువో. టేబుల్ ఫ్యాన్ కూడా పెద్దగా లాగదు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు అయినా థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది, రెండు చీరలు అయ్యాక మనం తీసేస్తాం. రాడ్ హీటర్‌లో చాలావాటికి థర్మోస్టాట్ ఉండదు. దాదాపు తొమ్మిది ఆంప్స్ ఆరు గంటలు ఆగకుండా పోతుంది. ఇంట్లో ఒకే సాకెట్ మీద ఇంత సేపు ఇంత లోడ్ వేసే వస్తువు ఇంకోటి ఉండదు, ఏసీకి, గీజర్‌కి విడిగా లైన్లు వేస్తాం కాబట్టి. చిలుముపట్టిన కాంటాక్ట్ దగ్గర రెసిస్టెన్స్ ఉంటుంది, అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. వేడికి క్లిప్పు పట్టు సడలుతుంది, ఇంకాస్త ఆక్సైడ్ పడుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఇంకా వేడి. ప్లగ్ టాప్ మారిస్తే ఏం లాభం, జబ్బు గోడలో ఉంటే.

మాస్టారు లెక్కలాయన, మాటలతో వదల్లేదు, చూపించమన్నారు. మాడిన సాకెట్ మీద చూపించడం కుదరదు కాబట్టి మంచానికి అవతలి పక్క అదే ఎత్తులో, అదే లైను మీదున్న, ఇంకా మాడని సాకెట్ తీసుకున్నా. నా దగ్గర ఒక ప్లగ్ టాప్ ఉంది, పిన్నుల మొదట్లోనే మీటర్ కోసం రెండు సన్న వైర్లు విడిగా బయటికి తీసి పెట్టుకున్నది. దాన్ని పెట్టి హీటర్ వేయకముందు 237, రెండు రాడ్లూ వేశాక 232. అదే సమయంలో బోర్డు దగ్గర 237 నుంచి 236కి తగ్గింది. అంటే లోపల పోయింది 4 వోల్టులు. బోర్డు నుంచి సాకెట్‌కి పన్నెండు మీటర్లు, పోనూ రానూ ఇరవై నాలుగు. 2.5 వైరుకి మీటరుకి 7.4 మిల్లీ ఓమ్‌లు, ఆ లెక్కన వైరులో పోవాల్సింది ఒకటిన్నర వోల్టు. మిగతా రెండున్నర వోల్టులు క్లిప్పుల దగ్గర, స్క్రూల దగ్గర పోతున్నాయి. దాన్ని 8.8తో గుణిస్తే ఇరవై వాట్ల పైమాటే. రేడియో రిపేర్ చేసేవాళ్ళ సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అలాంటిదొకటి ప్లాస్టిక్ ప్లేటు వెనకాల రాత్రంతా వెలుగుతున్నట్టన్నమాట. పావుగంట తర్వాత మాస్టారిని ప్లగ్ టాప్ మీద వేలు పెట్టమన్నా. పెట్టి వెంటనే తీసేశారు. ఇంకా మాడని సాకెట్ పరిస్థితి అది.

"మరి ఎంసీబీ పడలేదేం?" అని అడిగారు. అందరూ అడుగుతారు. పదహారు ఆంప్స్ ఎంసీబీకి దాదాపు తొమ్మిది ఆంప్స్ అంటే హాయిగా కూర్చునే పని. లూజ్ కాంటాక్ట్ ఉంటే కరెంటు ఇంకాస్త తగ్గుతుందే కానీ పెరగదు. ఆర్‌సీసీబీ ఉన్నా పడదు, అది చూసేది ఎర్త్‌కి లీకయ్యే కరెంటుని, ఇక్కడ పోయిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది. ఈ జబ్బుని పట్టుకునే వస్తువు మామూలు ఇళ్ళ బోర్డుల్లో లేదు. ముక్కు, చెయ్యి, అంతే.

ఇక చేసిన పని సంగతికి వస్తే, నీళ్ళలో మునిగిన ఎత్తులో ఉన్న సాకెట్లన్నీ తీసేశాం, పనిచేసేవీ పనిచేయనివీ అని చూడలేదు. కాస్త గొడవైంది ఇక్కడ, బాగున్నవి ఉంచుదామని ఆవిడ, లోపల చూస్తే తప్ప ఏది బాగుందో తెలియదని నేను. ఒకటి విప్పి బురద చూపించాక ఒప్పుకున్నారు. గోడలో వైర్లు పోయే పైపుల్లో తడి ఉందేమోనని మెగ్గర్ వేస్తే ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించింది, అది పనికిరాదు. సాకెట్లు విప్పేసి, పైపుల్లోకి గాలి కొట్టి, రెండ్రోజులు ఆరబెట్టి మళ్ళీ చూస్తే బాగా పెరిగింది. వైర్ల చివర్లు మెరిసే రాగి కనపడే దాకా కత్తిరించి, పొడవు చాలనిచోట కొత్త వైరు లాగి, వాటికి లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు తొడుగులు) నొక్కి బిగించాం. కొత్త సాకెట్లు నాలుగున్నర అడుగుల ఎత్తుకి, గోడ మీద వరద మరక కనపడే గీతకి పైకి. చూడ్డానికి బాగోదని ఒక పక్క బాధ, మళ్ళీ బుడమేరు వస్తే అనే భయం ఇంకో పక్క. భయమే గెలిచింది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ కూడా వేశాం. ఈ జబ్బుకి కాకపోయినా తడి గోడల ఇంటికి అది ఉండాలి.

కొత్త సాకెట్‌లో అదే హీటర్, అదే కొలత. లోపల తగ్గింది రెండు వోల్టుల లోపే. గంట తర్వాత కూడా ప్లగ్ గోరువెచ్చగా మాత్రమే ఉంది.

ఇంతటితో నా పని అయిపోయినట్టే, కానీ హీటర్ పెట్టిన పద్ధతి చూసి ఊరుకోలేకపోయా. మాస్టారి ఉద్దేశం గది మొత్తం వెచ్చబెడదామని. రెండు రాడ్లూ వేసి తలుపేసేవారు. మన ఇళ్ళలో అది జరగని పని. గది పైన రెండు వెంటిలేటర్లు, తలుపు కింద వేలు పట్టే సందు, వెచ్చబడ్డ గాలి పైకెక్కి అటే పోతుంది. ఈ రకం హీటర్ పని గాలిని వెచ్చబెట్టడం కాదు, ఎదురుగా ఉన్నదాన్ని వెచ్చబెట్టడం. ఎర్రగా కాలిన రాడ్ నుంచి వచ్చే వేడి వెనకున్న రేకు మీద పడి ముందుకి వస్తుంది, దారిలో గాలిని పెద్దగా పట్టించుకోకుండా మనిషి ఒంటికి తగులుతుంది. దాని చూపు పడనిచోట వెచ్చదనం ఉండదు. గదిలో థర్మామీటర్ పెట్టి చూస్తే 21 ఉంది, మరీ చలేం కాదు. మామ్మగారికి అంత చలి ఎందుకంటే మంచం ఆనించిన గోడ ఇంకా వరద చెమ్మ వదల్లేదు, ఆ చెమ్మ ఆరుతూ ఆరుతూ గోడని చల్లగా ఉంచుతోంది. మంచాన్ని ఆ గోడకి రెండడుగులు ఇవతలికి జరిపించా. హీటర్ కన్నా ముందు చేయాల్సిన పని అదీ.

దోమతెర ఇంకో భయం. సింగ్ నగర్‌లో దోమతెర లేకుండా పడుకోలేరు, వీళ్ళది నైలాన్‌ది, హీటర్‌కి జానెడు దూరంలో వేలాడుతోంది. నైలాన్ వేడికి కరిగి బొట్లుగా కారుతుంది. తెర, దుప్పటి, చీర కొంగు, ఏదైనా సరే మూడడుగుల లోపల ఉండకూడదని చెప్పా. ఆరని బట్టలు హీటర్ మీద వేసే అలవాటు కొందరికి ఉంటుంది, వీళ్ళకి లేదు, సంతోషం.

మామ్మగారు చీర కాస్త పైకి జరిపి కాళ్ళు చూపించారు. మోకాళ్ళ కింద ముందు వైపు జాలీ జాలీగా గోధుమరంగు మచ్చలు. నొప్పి లేదు, దురద లేదు. డాక్టర్‌ని కాదు కాబట్టి ఏమీ అనలేదు, స్కిన్ డాక్టర్‌కి చూపించండి, హీటర్ దగ్గరగా పెట్టుకుంటున్నామని తప్పక చెప్పండి అన్నా. చూపించారు. కాలేంత కాకుండా, మోస్తరు వేడి రోజూ అదే చోట తగిలితే చర్మం మీద అలా వస్తుందట, పూర్వం కుంపటి ముందు కూర్చునేవాళ్ళకి వచ్చేదట, వేడి మానేస్తే చాలామందికి నెమ్మదిగా తగ్గుతుందని చెప్పారట. పాదాలకి స్పర్శ తగ్గిన షుగర్ మనిషి కాబట్టి వేడి ఎంత తగులుతోందో ఆవిడకే తెలియడం లేదని, కాళ్ళకి దగ్గరగా హీటర్ పెట్టొద్దని గట్టిగా చెప్పారట. ఆ రెండో మాట షుగర్ ఉన్న పెద్దవాళ్ళున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

చివరికి పద్ధతి ఇలా కుదిరింది. ఒకటే రాడ్. హీటర్ మంచానికి మూడడుగుల పైన, పక్క నుంచి, నడుము భాగం వైపు తిప్పి. పడుకునే ముందు ముప్పావుగంట, తెల్లారి లేచాక ముప్పావుగంట, నిద్రలో ఆఫ్. కాళ్ళకి సాక్సులు, పైన ఉన్ని దుప్పటి. ఒక్క రాడ్ అంటే కరెంటు సగం, కాంటాక్టుల దగ్గర పుట్టే వేడి నాలుగో వంతు, ఇది మాస్టారికి బాగా నచ్చింది. యూనిట్ల లెక్క ఇంకా నచ్చింది. రెండు రాడ్లు ఆరు గంటలంటే రాత్రికి 12 యూనిట్లు, నెలకి 360. ఇంట్లో మామూలు వాడకానికి అది తోడైతే పై స్లాబులోకి పోయి యూనిట్ రేటే మారిపోతుంది. ఇప్పుడు రోజుకి ఒకటిన్నర.

కోడలుగారు ఒక గిన్నెలో నీళ్ళు పోసి హీటర్ పక్కన పెడుతున్నారు, ఆక్సిజన్ తినేస్తుందని ఎవరో చెప్పారట. కరెంట్ హీటర్‌లో ఏదీ మండదు, ఆక్సిజన్ ఖర్చు కాదు. బొగ్గుల కుంపటి తలుపులేసిన గదిలో పెడితే అది ప్రాణం తీస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వల్ల, దీనికీ దానికీ సంబంధం లేదు. గాలి వెచ్చబడితే కాస్త పొడిబారినట్టు ఉంటుంది, గొంతు ఆరుతుంది, అంతవరకే. నీళ్ళ గిన్నె వల్ల నష్టమేం లేదు కానీ వైరు పక్కన మాత్రం పెట్టొద్దని తీయించా.

ఆ వీధిలోనే ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు పిలిచి చూడమన్నారు, దాదాపు అందరివీ మునిగిన సాకెట్లే. మీ ఇల్లూ అలా మునిగిందైతే, ప్లేటు మీరు విప్పొద్దు. లోడ్ వేసి పావుగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్ లాగి పిన్నులు చూడండి. ఒక పిన్ను మిగతావాటికన్నా నల్లగా, నీలంగా ఉన్నా, ముట్టుకుంటే చురుక్కుమన్నా, ప్లగ్ పెట్టేటప్పుడు బిగుతు లేకుండా జారినట్టు దిగినా ఆ సాకెట్ వాడటం ఆపేసి మనిషిని పిలవండి. వచ్చినవాడు ప్లగ్ టాప్ ఒక్కటే మార్చి వెళ్తానంటే సాకెట్ కూడా విప్పి చూపించమనండి.

మాస్టారింట్లో ఒక్క పాయింట్ మిగిలిపోయింది, దేవుడి గదిలో టైల్స్ మధ్య ఉన్నది. టైల్స్ పగలగొట్టనివ్వలేదు ఆవిడ. వైర్లు విప్పేసి, చివర్లు మూసి, ఖాళీ ప్లేటు బిగించి వచ్చా.